ఫ్లాగ్‌షిప్ స్టోరుకు టీకా తాత్పర్యం

మూలం: "భాగ్యనగరంలో మా ఫ్లాగ్‌షిప్ స్టోర్. క్యురేటెడ్ లగ్జరీ ఎక్స్‌పీరియన్స్. బై అపాయింట్‌మెంట్ ఓన్లీ."

అవతారిక. ఈ మూలం ఏ ఒక్క కంపెనీ రచనా కాదు. జూబ్లీహిల్స్ బోర్డుల మీద, పెళ్లిళ్ల సీజను ప్రకటనల్లో, నంద్యాల దాకా పాకివచ్చిన హోర్డింగుల్లో ముక్కలు ముక్కలుగా దొరికే పాఠాన్ని ఒకచోట కూర్చి శుద్ధప్రతి తయారుచేశాం. 'ప్లాగ్‌షిప్' అని పకారంతో ఒక పాఠాంతరం ఉంది. దాన్ని లేఖకదోషమని తోసెయ్యడానికి లేదు. పలికేవాళ్లు అలాగే పలుకుతున్నారు. కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. మాకు ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం శిరోధార్యం. రెండో సగం పాటిస్తే ఈ మూలంలో 'స్టోర్' తప్ప మరేదీ మిగలదు. ఆ మాటకు అర్థం స్పష్టం గనక దాన్నే వదిలేస్తున్నాం.

ఫ్లాగ్‌షిప్ అనగా జెండా గల ఓడ. దళం మొత్తానికి అధిపతి అయిన అడ్మిరల్ ఏ ఓడ ఎక్కితే ఆ ఓడ మీద ఆయన జెండా ఎగురుతుంది. మిగతా ఓడలు దాని సైగ చూసి నడుస్తాయి. ఇది మధ్యమపదలోపి సమాసం, 'గల' అన్నది లోపించింది. హైదరాబాదులో 'గల'తో పాటు సముద్రం కూడా లోపించింది. మెట్టనేల మీద ఓడ ఎందుకు రాకూడదని నంద్యాల దగ్గరి గోస్పాడు వైపు నుంచి ఒక పూర్వపక్షం రావచ్చు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కర్నూలు–కడప కాలువను తవ్వింది పైరు కోసం మాత్రమే కాదు, పడవల కోసం కూడా. నీటిదారి రైలుదారి కంటే చవక అని వాదించిన ఆర్థర్ కాటన్ ఆలోచనల వెలుగులో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, పది లక్షల పౌండ్ల మీద అయిదు శాతం వడ్డీకి సర్కారు హామీ పుచ్చుకుని, 1860లలో సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి పని మొదలుపెట్టింది. అనుకున్న రాబడి రాలేదు. 1882లో సర్కారే డబ్బిచ్చి కాలువను కొనుక్కుంది. ఆనాటి కంపెనీకి అదే ఫ్లాగ్‌షిప్ అనుకుంటే ఓడ మునిగిందనే చెప్పాలి. నీళ్లు మాత్రం మిగిలాయి, వాటి కింద వరి పండుతూనే ఉంది. ఇంతకూ ఆ కాలువకు జనం పెట్టుకున్న పేరు చూడండి: కేసీ. రెండంటే రెండక్షరాలు, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుందో అందులోనే ఉంది. 'క్యురేటెడ్ వాటర్ ఎక్స్‌పీరియన్స్' అని ఎవరూ అనలేదు. అప్పటికి ఆ విద్య ఇంకా పుట్టలేదు.

ప్రకృతానికి వద్దాం. అమరకోశం అంగడికి ఆపణం, నిషద్య అని రెండు పేర్లు చెప్పింది. అంగళ్ల వీధి విపణి. ఆపణం, విపణి, పణ్యం, అన్నీ 'పణ' ధాతువు సంతానమే. ధాతుపాఠం ఆ ధాతువుకు రెండర్థాలు కట్టింది, వ్యవహారమూ స్తుతీ. బేరమాడితే 'పణతే'. పొగిడితే 'ఆయ' ప్రత్యయం వచ్చి చేరి 'పణాయతి' అవుతుంది. అంటే బేరానికి మాట పొట్టి, పొగడ్తకు మాట పొడుగు అని బంజారాహిల్స్‌లో మొదటి రాయి కదలకముందే వ్యాకరణానికి తెలుసు. ఆయం అంటే రాబడి కూడాను. ఈ ప్రత్యయానికీ ఆ రాబడికీ శాస్త్రంలో చుట్టరికం లేదు గానీ, ఇలాంటిచోట ఊరుకున్నవాడు వ్యాఖ్యాత కాడు. బొటిక్ అన్న ఫ్రెంచి మాటను తవ్వుకుంటూ పోతే గ్రీకులో 'అపోథేకే' తగులుతుంది, సరుకు దాచే చోటు అని. కోస్తావాళ్ల 'కొట్టు' అచ్చంగా ఇదే: ధాన్యం కొట్టు, సామాన్ల కొట్టు. డిజైనర్ బొటిక్ అంటే కొట్టే. బిల్లు చేతికొచ్చాక ఆ నామవాచకం క్రియగా మారుతుంది, అంతే తేడా. సీమలో ఇన్ని చిక్కులు లేవు. చిల్లరంగడి, బట్టలంగడి, మందులంగడి, ఎరువులంగడి: మొదటి సగం ఏం దొరుకుతుందో చెబుతుంది, రెండో సగం అది అమ్మే చోటని చెబుతుంది. పాత పేర్లన్నీ కొనేవాడితో మాట్లాడతాయి. కొత్త పేర్లకు అంగడి తన గురించి తాను ఏమనుకుంటోందో చెప్పుకోవడంతోనే సరిపోతుంది. ధాతువులో వ్యవహారం రాలిపోయి స్తుతి ఒక్కటే మిగిలింది.

నిషద్య అన్న మాట మీద ఇంకాస్త నిలబడాలి, నిజానికి కూర్చోవాలి. 'ని' ఉపసర్గ, 'సద్' ధాతువు. కూర్చునే చోటు అని అర్థం. ఉపనిషత్తుదీ ఇదే ధాతువు. పాత జవళి అంగట్లో తెల్లగుడ్డ పరిచిన పరుపు ఉండేది. చెప్పులు విడిచి ఎక్కి కూర్చుంటే, అమ్మేవాడూ ఎదురుగా మఠం వేసుక్కూర్చుని చీర మడత విప్పి కొంగు ఒళ్లోకి విసిరేవాడు. ధర ఆ పరుపు మీదే తేలేది. ఇప్పుడు పాలరాతి నేల, పైనుంచి దీపాల వాన, భర్తల కోసం మూలన ఒక మఖ్మలు సోఫా. అమ్మే పిల్ల మాత్రం షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా నిలబడే ఉంటుంది. ఎవరూ చూడనప్పుడు కౌంటరు చాటున ఒక పాదాన్ని చెప్పులోంచి తీసి, మడమతో రెండో కాలి పిక్కను నెమ్మదిగా రుద్దుకుంటుంది. అడుగుల చప్పుడు వినగానే పాదం చెప్పులోకి, నవ్వు మొహం మీదికి. కోళిక్కోడు మిఠాయి తెరువులో బట్టల అంగళ్ల ఆడవాళ్లు 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టుకుని ఏళ్ల తరబడి దీని మీదే కొట్లాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టాలు సవరించి, అంగట్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలన్నాయి. అమరసింహుడు ఒక్క మాటలో ఇచ్చేసిన దానికి రెండు శాసనసభలు కావలసి వచ్చాయి. ఇక్కడ వ్యాఖ్యకు నవ్వు రావడం లేదు.

ఆక్షేపణ: 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో తెరిచిన ఐకియాలో ఎవరైనా ఏ సోఫా మీదైనా కూర్చోవచ్చు, వెయ్యి మంది కూర్చుని తినే హోటలూ ఉంది కదా? సమాధానం: అక్కడ సోఫాయే సరుకు, సరుకు పరీక్షను ఆతిథ్యమనలేం. అయితే కాళ్లు లాగుతున్న ముసలమ్మకు ఆ తేడా అక్కర్లేదు, అంతవరకు ఓడిపోయాం. ఇంకో ఆక్షేపణ దీనికన్నా గట్టిది. బేరం చేతగాని పల్లె మనిషిని పాత అంగడి నిలువునా ముంచేది. కొన్న ధరను చీటీ మీద రహస్యాక్షరాల్లో రాసుకునేది, అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది సంఖ్యకు దూరపు చుట్టంలా. ఒకే ధర అన్న పద్ధతి పెద్ద షోరూములే అలవాటు చేశాయి. ఇది నిజం, కాదనం. కానీ ఆ ధర ఎక్కడ? అద్దాల బీరువాలో బ్యాగు ఒక్కటే దేవతావిగ్రహంలా ఉంటుంది, పక్కన అంకె ఉండదు. అడిగితే, అడిగేవాళ్లు కొనేవాళ్లు కారన్నట్టు ఒక చూపు. చిల్లరంగట్లో ఉప్పు పొట్లం మీద అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర అచ్చెయ్యకపోతే చట్టం ఊరుకోదు. పాత అంగడి ధరను అక్షరాల్లో దాచింది; అక్షరం నేర్చినవాడు ఎప్పటికైనా చదివేవాడు. మౌనాన్ని ఎవరు చదవగలరు? పాతవాళ్లకు డాబుసరి పేర్లు లేవా అంటే, ఉన్నాయి. 'అండ్ సన్స్' అని తగిలించేవాళ్లు. చీర రంగు వెలిస్తే ఏ కొడుకును నిలదీయాలో దాన్నిబట్టి తెలిసేది.

క్యురేటెడ్ అనగా ఏరిన. పప్పులో రాళ్లు ఏరేవాళ్లందరికీ ఈ బిరుదు చెల్లుతుంది.

బై అపాయింట్‌మెంట్: ముందు చెప్పి, వాళ్లు సరేనంటేనే రావలెనని. కనుమనాడు అహోబిల నరసింహస్వామి పల్లకి ఎక్కి పారువేటకు బయలుదేరతాడు. నలభై రోజుల దాకా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఊరూరా పల్లకి దించితే, స్వామి కూర్చుంటాడు. పిలిచినవాళ్లూ పిలవనివాళ్లూ వచ్చి చూసిపోతారు.

ఓన్లీ: అవధారణార్థకం. తాత్పర్యం స్పష్టం.