లోపలి గడియ

అలీగఢ్‌లో పోత పోసిన ఇత్తడి గడియ అది. జానెడు పొడవుంటుంది. నాలుగు స్క్రూ రంధ్రాలు, అటూ ఇటూ జరిగే కడ్డీ, వేలితో పట్టుకోవడానికి చిన్న పిడి. తాళాలకీ ఇత్తడి సామానుకీ పేరుపడ్డ ఆ ఊళ్లో తనలాంటివి రోజుకి ఎన్ని పుట్టేవో దానికి తెలియదు. పుట్టుక గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. నిన్నమొన్నటిదాకా హైదరాబాదులో ఒక ఆఫీసు సొరుగులో, విరిగిన స్టేప్లరు పక్కన పడి ఉన్న ఆ గడియ చెప్పుకోవాలనుకునేదంతా తాను మూసిన తలుపుల గురించే. ఆ తలుపుల వెనక కూర్చున్నది పాలిచ్చే తల్లులు.

మొదటి తలుపు గుంటూరు వైపు ఒక పొగాకు ఫ్యాక్టరీలో. పొగాకు ఆకు ఏరి, గ్రేడు చేసే పనంతా ఆ ప్రాంతంలో ఆడవాళ్ల చేతుల మీదుగానే నడిచేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకి గది ఉండాలంది. 1976లో సవరించి ఆ సంఖ్యని 30కి తగ్గించారు. అదే చట్టం, తల్లులు వేళకి వచ్చి బిడ్డకి పాలిచ్చి వెళ్లేలా నియమాలు పెట్టవచ్చని కూడా చెప్పింది. సవరణ తర్వాత కట్టిన ఓ పిల్లల గదికి టేకు తలుపు పెట్టి, దానికి లోపలివైపు ఈ గడియని బిగించారు.

ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు గడియ గొంతు మారుతుంది. గది బయట ఒక కుళాయి ఉండేదట. పొగాకు జిగురు అంటిన చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగితే తప్ప ఆయా లోపలికి రానిచ్చేది కాదు. తడి చేతుల్తోనే వచ్చి తలుపు మూసి, తన కడ్డీని జరిపేవారు. ఆ 'టక్' అనే చప్పుడు వినగానే ఉయ్యాల్లో పిల్లలు తల తిప్పేవారు. పనికి వచ్చినప్పటినుంచి తగ్గించుకోలేని బరువు గుండెల మీద మోస్తున్న తల్లి, బిడ్డ నోరు తగలగానే ఒక్కసారి కళ్లు మూసుకునేది. పావుగంట. ఆ పావుగంటలో మేస్త్రీ గాని, గుమాస్తా గాని, యజమాని గాని ఆ తలుపు తోసే వీల్లేదు. వందలమంది వేళ్లు రుద్దీ రుద్దీ తన పిడి బంగారంలా మెరిసేదని, ఎవరూ పాలిష్ పెట్టనక్కర్లేకపోయిందని చెప్పుకుంటుంది.

ఆ పావుగంట కూడా దయాధర్మంగా దొరికింది కాదు. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం అందరికీ ఉండే విశ్రాంతి సమయం కాకుండా, బిడ్డకి పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాలిచ్చే విరామం తల్లి హక్కు అని రాసింది. అంతకుముందే 1919లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టిన ఏడాదే, చేసిన ప్రసూతి ఒడంబడికలో రోజుకి రెండు అరగంటలు అని ఉంది. నూరేళ్లకి పైగా కాగితం మీద ఉన్న మాట ఇది.

తర్వాత ఫ్యాక్టరీ రిజిస్టరులో ఆడవాళ్ల పేర్లు తగ్గుతూ వచ్చాయి. పని చేసేది వాళ్లే, పేర్లు మాత్రం కాంట్రాక్టరు పుస్తకంలోకి పోయాయి. పిల్లల గదిలో ముందు ఆయా మానేసింది, తర్వాత ఉయ్యాలలు పోయాయి, ఆ తర్వాత గోతాలు వచ్చాయి. చివరికి షెడ్డు కూల్చినప్పుడు తలుపు, దాన్ని అంటిపెట్టుకుని గడియ, హైదరాబాదులో ఒక పాత తలుపుల కొట్టుకి చేరాయి.

అక్కడ ఎన్నేళ్లున్నదో లెక్క లేదు. గోడకి ఆనించిన తలుపు మీద ఎండా వానా పడ్డాయి. బంగారంలా మెరిసిన పిడికి పచ్చగా చిలుము పట్టింది. కొనడానికొచ్చినవాళ్లు టేకుని తట్టి చూసేవారు గాని గడియని ముట్టుకున్నవాళ్లు లేరు.

కొట్టు ఎదురుగా ఒక అపార్టుమెంటు లేచింది. అక్కడ ఇటుకలు మోసే ఒకామె రెండు కర్రల మధ్య పాత చీరతో ఉయ్యాల కట్టి, నెలల బిడ్డని పడుకోబెట్టేది. బిడ్డ ఏడిస్తే తట్ట దించి, సిమెంటు బస్తాల చాటుకి వెళ్లి పైట కప్పుకుని పాలిచ్చేది. ఒక కన్ను మేస్త్రీ మీద, ఒక కన్ను బిడ్డ మీద. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి ఆడవాళ్లున్న చోట పిల్లల గది ఉండాలంది. ఉపాధి హామీ పనుల్లో ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురో అంతకన్నా ఎక్కువో వస్తే, వాళ్లని చూసుకోవడానికి ఒకామెని పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని అప్పటి నియమం. ఈమె పక్కన ఉన్నది ఇద్దరే ఆడవాళ్లు. చట్టం లెక్కకి వాళ్లు అందలేదు. అక్కడ తలుపే లేదు, గడియ మాటెక్కడిది? రోడ్డుకి ఇవతల ఊరికే పడి ఉండి ఆమెనే చూస్తూ గడిపిన రోజులు తన బతుకులో అన్నిటికన్నా బరువైనవని గడియ అంటుంది.

తర్వాత ఒక కాంట్రాక్టరు ఆ తలుపుని కొని, గడియని ఊడదీసి ఒక ఆఫీసు బాత్రూము తలుపుకి బిగించాడు.

రెండో తలుపు అదే. గడియకి చెప్పుకోలేని సిగ్గు కూడా అక్కడే. అప్పటికి ప్రసూతి సెలవు 12 వారాలే. బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, సెలవేమో అందులో సగం కూడా లేదు. బిడ్డకి మూడు నెలలు నిండకముందే పనిలోకి వచ్చిన ఒకమ్మాయి రోజూ పదకొండింటికి చేతిసంచితో బాత్రూములోకి వచ్చేది. కమోడ్ మూత దించి, దాని మీద తువ్వాలు పరిచి, పాలు పిండే చేతిపంపు తీసేది. ఫోన్‌లో బిడ్డ వీడియో పెట్టుకుని చూసేది. బిడ్డ ముఖం చూసినా, ఏడుపు విన్నా తల్లి మెదడులో ఆక్సిటోసిన్ విడుదలై పాలు చేపుకొస్తాయి. భయం, కంగారు ఉంటే అదే ఆగిపోతుంది. సీసా అడుగు తడిసి, మొదటి చుక్కలు ధారగా మారే వేళకి బయట ఎవరో తలుపు తట్టేవారు. అంతే, చేపు ఆగిపోయేది. తాను బిగుసుకుని నిలబడ్డా, ఆ దబదబ చప్పుడు లోపలికి రాకుండా ఆపలేకపోయానని గడియ బాధ.

తీసిన పాలు దాచడానికి చోటు లేదు. బాత్రూములో పట్టిన పాలు బిడ్డకి పట్టడానికి ఆమెకి మనసూ ఒప్పేది కాదు. సీసా వంచి వాష్‌బేసిన్‌లో పోసి, కుళాయి తిప్పి, అది పూర్తిగా పోయేదాకా చూస్తూ నిలబడేది. ఎవరి వంటింట్లోనైనా పాలు పొంగి పొయ్యి మీద పడితేనే ప్రాణం ఉసూరుమంటుంది. ఇది ఆ తల్లి ఒంట్లోంచి వచ్చిన పాలు.

మీటింగు పొడుగై రాలేకపోయిన రోజున రొమ్ములు రాయిలా గట్టిపడి, సాయంత్రానికి జ్వరం వచ్చేది. తీయకుండా ఉంచితే పాలు గడ్డకట్టడం, చీము పట్టేదాకా పోవడం, ఆ తర్వాత పాలే తగ్గిపోవడం శరీరధర్మం. వాడినకొద్దీ ఊరేది, వాడకపోతే ఎండేది. ఒకనాడు ఆమె ఫోన్‌లో తల్లితో మాట్లాడటం గడియ విన్నది.

"ఇంక నా వల్ల కావట్లేదమ్మా."

"మల్లెపూలు కట్టుకో తల్లీ. రెండ్రోజుల్లో ఎండిపోతాయి. మా అమ్మ నాకూ అదే చేసింది."

పాలు ఎండిపోవడానికి రొమ్ములకి మల్లెపూలు కట్టడం దక్షిణాదిలో ఎప్పటినుంచో ఉన్నదే. 1988లో అచ్చయిన ఒక వైద్య అధ్యయనం, ఆ పూలు నిజంగానే పాలు తగ్గిస్తాయని చూపింది కూడా. తలలో పెట్టుకునే పూలని ఒక తల్లి అందుకు కొనుక్కోవాల్సి రావడం ఆమె బలహీనత కాదు. ఆ ఆఫీసులో పావుగంట కూర్చోవడానికి కుర్చీ, చాటు లేకపోవడం వల్ల జరిగింది. ఆ వారం తర్వాత ఆమె చేతిసంచితో రాలేదు.

2017లో చట్టం మారింది. ఏప్రిల్ 1 నుంచి ఇద్దరు పిల్లల దాకా సెలవు 26 వారాలైంది. జులై 1 నుంచి 50 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న ప్రతిచోటా పిల్లల గది ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని వచ్చింది. మల్లెపూల అమ్మాయే, తన బిడ్డ పెద్దదయ్యాక, మిగతావాళ్ల తరఫున అర్జీ రాసింది. ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాల్లో ఆఫీసు ఒక చిన్న గది తెరిచింది. బాత్రూము తలుపునించి గడియని ఊడదీసి ఆ గదికి బిగించిన వడ్రంగి, "పాత సామాను, గట్టిది" అన్నాడు. ఆ మాట గడియ ఇప్పటికీ మర్చిపోలేదు.

మూడో తలుపు వెనక పెద్ద హంగేమీ లేదు. చేతులున్న కుర్చీ, బల్ల, ప్లగ్గు పాయింటు, చేతులు కడుక్కునే సింకు, చిన్న ఫ్రిజ్. తీసిన పాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. సీసాల మీద టేపు అంటించి పేరూ వేళా రాసుకునేవారు. అంతకన్నా ముఖ్యమైన మార్పు గది బయట జరిగింది. ఒక టీమ్ లీడరు, మగవాడు, రోజూ పదకొండింటికి పెట్టే మీటింగుని ఎవరూ అడగకుండానే పదకొండున్నరకి జరిపాడు. కారణం చెప్పలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. గది ఎంత బాగున్నా, అక్కడికి వెళ్లడానికి లేచినప్పుడు పక్కసీటు వాళ్లు గడియారం చూస్తే ఏ తల్లీ రెండోసారి లేవదు.

మహారాష్ట్ర ఆర్టీసీ బస్టాండుల్లో ఇలాంటి గదులకి హిరకణి పేరు పెట్టారు. రాయగఢ్ కోటలో పాలమ్మడానికి వెళ్లిన హిరకణి, పొద్దుగూకి ద్వారాలు మూసేస్తే, ఇంట్లో ఉన్న పసిబిడ్డ కోసం చీకట్లో కొండచరియ దిగి వెళ్లిందని అక్కడి కథ. మూసిన తలుపు తల్లికి బిడ్డని దూరం చేస్తుంది, తల్లి తన చేత్తో లోపలినుంచి మూసుకున్న తలుపు దగ్గర చేస్తుంది. గడియకి ఈ తేడా బాగా తెలుసు.

2020లో ఆఫీసు ఖాళీ అయింది. జనం తిరిగి వచ్చేసరికి గది నిండా కాగితాల పెట్టెలు. "లోపల సామానుంటే లోపలి గడియ దేనికి?" అని ఎవరో దాన్ని ఊడదీసి, బయట తాళం వేసుకునే కొక్కెం పెట్టారు. కుర్చీ ఎవరి సీటుకో పోయింది, ఫ్రిజ్ ప్యాంట్రీకి పోయింది. గడియని సొరుగులో పడేశారు. గోడ మీద తల్లీబిడ్డల పోస్టరు మాత్రం పెట్టెల వెనక అలాగే ఉండిపోయింది.

సొరుగులో ఉండగా బయటి సంగతులు చెవిన పడుతూనే ఉన్నాయి. బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే గదుల కోసం 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలని కదిలించింది. 1961 చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ రోజుకి రెండు విరామాలు, పదిహేను నెలలు అన్న మాట నిలిచింది. అదే ఆఫీసులో, కొత్తగా సెలవు ముగించుకొచ్చిన ఒకమ్మాయి మాత్రం మీటింగు గది హ్యాండిల్‌కి చున్నీ ముడేసి, రెండో కొస కుర్చీకి కట్టి, వీపు తలుపుకి ఆనించి కూర్చుంటోంది.

ఒక పొద్దున్న గదులు ఊడ్చే ఆమె సొరుగు సర్దుతూ గడియని చూసింది. ఎండిన నిమ్మచెక్కతో రుద్ది, కొంగుతో తుడిచి, చున్నీ అమ్మాయి దగ్గరికి పట్టుకెళ్లింది.

"మేడం, గిది తలుపుకు పనికొస్తదా?"

ఆ అమ్మాయి గడియని చేతిలోకి తీసుకుని ఆమె ముఖంలోకి చూసింది.

"నాకు గూడ ఆర్నెల్ల బిడ్డ ఉన్నది మేడం. మా అత్త దగ్గర ఇడిసొస్తున్న."

ఆమెది ఏజెన్సీ కొలువు. ఆఫీసు రిజిస్టరులో పేరు లేదు. రోజుకూలీకి పనిచేసే ఆడవాళ్లకీ ప్రసూతి ప్రయోజనాలు దక్కాల్సిందేనని ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తీర్పిచ్చిందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ మెట్ల కింద, చీపుళ్ల గదిలో చేత్తో పిండి పారబోసేది.

ఇద్దరూ కలిసి పెట్టెల్ని ఒక పక్కకి పేర్చారు. పాత చోట గడియ పెట్టి చూస్తే రెండు స్క్రూలు బిగిశాయి, మిగతా రెండూ రంధ్రాలు వదులై తిరిగిపోతున్నాయి. ఊడ్చే ఆమె రెండు అగ్గిపుల్లలు విరిచి రంధ్రాల్లో దూర్చింది. అప్పుడు పట్టాయి.

మొదట ఆమెనే వెళ్లమంది ఆ అమ్మాయి. స్టీలు గ్లాసూ మూతా కడుక్కుని, చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకుని, ఆమె లోపలికి వచ్చి తలుపు మూసింది. తడి వేళ్లు పిడి మీద పడ్డాయి. చాలా ఏళ్ల తర్వాత కడ్డీ జరిగి 'టక్' మంది. బయట ఆ అమ్మాయి తలుపుకి కాస్త దూరంగా నిలబడి, టేపు ముక్క చింపి, పెన్నుతో ఆమె పేరు రాస్తోంది.