శల్యసారథ్యము

నలువది సంవత్సరములు క్లచ్చు తొక్కుచు, గేరు మార్చుచు, ఎదుటి లారీవాని వంశమును స్మరించుచు నిరపాయముగ బండి నడిపిన మా బావగారికి, 74వ యేట, అల్లుడు సంక్రాంతి కానుకగ డ్రైవరుకు తోడ్పడు ‘అడాస్’ అను బిరుదు గల కొత్త కారు తెచ్చి, “మామయ్యగారూ, ఇక మీకు శ్రమ లేదు, బండి తనంత తానే గీతల మధ్య పోతుంది” అని విన్నవించెను. షోరూము కుర్రవాడు మాత్రము, “చేతులు స్టీరింగు మీదనుంచి తీయకండి అంకుల్” అని మెల్లగ చేర్చెను. శ్రమయే లేనిచో చేతులేల తీయరాదో, ఈ రెండు వాక్యములకు అన్వయము నాకు నేటికిని కుదురలేదు.

వాహన ఇంజినీర్లు స్వయంచాలకత్వమును 0 మొదలు 5 వరకు ఆరు మెట్లుగ విభజించిరి. వృద్ధజనోద్ధరణార్థము మనకు అమ్మబడుచున్నది రెండవ మెట్టు. ఇందు కారు చక్రము త్రిప్పును, వేగము సవరించును, బాధ్యత మాత్రము ముట్టదు. సాఫీగ సాగినంతసేపు కారు కర్త. గుద్దుకొనిన క్షణమున అది వట్టి కరణమై, ముసలివాడు కర్త యగును. చేతులుంచిన మాత్రమునను చాలదు. అప్పుడప్పుడు చక్రమును స్వల్పముగ కదల్పకున్న, లోన మనిషి గలడా లేడా యని అనుమానించి కూయును.

యాసంగి కోతలనాడు మిర్యాలగూడ దారిలో, రైతులు ఆరబోసిన వడ్లు తెల్లగీతను కప్పివేయగా, గీతయే ప్రాణముగ నడచు ఆ కారు చిన్న గంట మ్రోగించి చేతులెత్తివేసెను. బావగారు ఫోనేమో యనుకొని లాల్చీ జేబు తడుముకొనిరి. గంటకు 80 కిలోమీటర్ల వేగమున సెకనుకు 22 మీటర్లు. జేబునుండి చేయి చక్రమునకు, కళ్ళజోటిలో దూరము కనబడు పైభాగమునకు చూపు చేరుసరికి మూడు సెకన్లు. బండి వడ్ల మీదికెక్కెను. పరుగున వచ్చిన ఆ వడ్ల రైతు యిల్లాలు కెమెరాను గాని, సాఫ్టువేరును గాని నిందింపలేదు. “ఓ ముసలాయనా, కండ్లు కనవడ్తలేవా?” అనెను.

శల్యుడు కర్ణుని తెగనాడుచునే రథము తోలెను. ఈ శల్యుడన్ననో ముఖస్తుతి చేయుచు తోలి, చక్రము క్రుంగుచోట పగ్గములను యజమాని యొడిలో పడవేయును. వార్ధక్యము అలవాటైన బండి తోలుటను అంతగ చెరపదు. ఉన్నపాటున మనస్సును మరలించు వడినే తగ్గించును. ఈ యంత్రము మొదటిదానిని తాను లాగుకొని, రెండవదానిని ముసలివానికి విడిచిపెట్టినది! సులభమైన పని యంత్రమునకును, కఠినమైనది మనిషికిని మిగులుననియు, అభ్యాసము లేక మనిషి నేర్పు తుప్పుపట్టుననియు లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అను మనస్తత్త్వవేత్త 1983లోనే కర్మాగారములనుగూర్చి వ్రాసెను. అమెరికాలో 2023 డిసెంబరున టెస్లావారు 20 లక్షలకు పైబడిన కార్లకు చేసిన దిద్దుబాటు ఏమనుకొన్నారు? డ్రైవరు ఏమరకుండ హెచ్చరికలను పెంచుట. జబ్బు బండిది, మందు మనిషి చెవిలో. (ఆపదవేళ అడుగకయే తనంత తాను పడు బ్రేకును నేను తూలనాడను, అది ప్రగల్భములు పలుకదు.)

నిన్న వెనుక సీటునుండి మనుమడు, “తాతయ్యా, నీ చేతులు వణుకుతున్నాయా?” అని అడిగెను.

“లేదురా, నేనింకా బతికే ఉన్నానని కారుకు చెప్తున్నాను” అనిరి బావగారు.