చంద్రుడి మీద పావు రేటు

2020 ఎట్లుంటుందో నాకు 1991లోనే తెలిసిపోయింది. ఆ ఏడు ‘ఆదిత్య 369’ చూసొచ్చినాను. రాయలకాలపు వజ్రం చుట్టూ సింగీతం వారు అంత కథ అల్లితే, వజ్రాలు దొరికే జొన్నగిరిలో పుట్టి నేను ఊరికే కూర్చోవడమా అనిపించింది. లాంగ్ నోట్‌బుక్కు కొని మొదలుపెట్టినాను.

నా కథలో జొన్నగిరి కుర్రోడు చంద్రుడి మీద వజ్రాలు తవ్వుతాడు. పెద్ద రాయి దొరుకుతుంది. అమ్మకు చెప్పాలి. నడుచుకుంటూ ఎస్టీడీ బూత్‌కు పోతాడు! పసుపుపచ్చ బోర్డు, అద్దాల గది, ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు, కిర్రుమంటూ బయటికొచ్చే బిల్లు. బస్టాండు దగ్గరి బూత్‌ను ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయి అక్కడ పెట్టినాను. పైగా రాత్రి పదకొండు దాటితే పావు రేటని మనవాడు కాచుకొని కూర్చుంటాడు. చంద్రుడి మీద ఒక రాత్రి దాదాపు రెండు వారాలని పాఠంలో చదివినోణ్ణే.

మా అన్న చదివి, “ఏంరా, ఆడ గూడ బూత్ ముందర లైన్లో నిలబడాల్నా?” అన్నాడు. ఆయనకు సైన్సు తెలీదనుకున్నా. ట్రంకాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకున్న మాకు, నంబరు నొక్కగానే పలికే ఆ గదికి మించిన వింత ఉండదనిపించేది.

తర్వాత్తర్వాత కొంచెం ఓదార్పు దొరికింది. 1968లో కుబ్రిక్ తీసిన ‘2001’లో శాస్త్రవేత్త అంతరిక్ష కేంద్రం నుంచి కూతురితో మాట్లాడేది బూత్‌లోనే. బొమ్మ కనపడే ఫోనే గానీ, చివర్న డాలరూ డెబ్బై సెంట్లు బిల్లు. అతను వచ్చిన నౌక మీద పాన్ యామ్ పేరు. ఆ విమాన కంపెనీ 1991లోనే మూతబడింది. 1865లో జూల్స్ వెర్న్ మనుషుల్ని ఫిరంగిలో పెట్టి చంద్రుడి మీదికి పేల్చినాడు. గదులకు గదులు నింపే కంప్యూటర్ల కాలంలో అసిమోవ్ మల్టీవ్యాక్ అనే మహాయంత్రాన్ని ఊహించినాడు. అందరూ నా బాపతేనని మురిసిపోయినా, నిజానికి కాదు. ఆరిపోయే నక్షత్రాలను మళ్ళీ వెలిగించొచ్చా అని 1956లో అసిమోవ్ కథలో అడిగిన ప్రశ్న నేటికీ పాతబడలేదు. నా కథ అడిగిన ప్రశ్న ఒక్కటే: నిమిషానికి ఎంత?

ఇంకో తెలివితక్కువతనం మిగిలింది. 2020కి జొన్నగిరి చేలల్లో ఎవరూ నడుం వంచరని, యంత్రమే వజ్రాలను ఏరి పెడుతుందని రాసినా. ఇప్పటికీ తొలకరి పడితే చాలు, అనంతపురం, బళ్ళారి వైపుల నుంచి గూడ జనం సద్దిమూటలతో దిగుతారు. చేలు తొక్కుతున్నారని రైతులు అరుస్తున్నా ఎర్రమట్టిలో కళ్ళు పెట్టి వెతుకుతుంటారు. ఏదైనా తళుక్కుమంటే, అప్పుడు జేబులోంచి సెల్ తీసి ఫోటో కొడతారు.

ఈమధ్య 2070 మీద కొత్త కథ పట్టుకున్నా. మూడో పేజీలో, సరిగ్గా వజ్రం దొరికినప్పుడు, హీరో సెల్‌లో ఛార్జింగ్ అయిపోయింది. ఆ వాక్యం ఇంకా కొట్టెయ్యలేదు.