గాలిని ప్రదర్శనకు పెట్టడం ఎలా?

బొమ్మ గీయడం రాదా? మరీ మంచిది. ఆలోచననే కళాఖండమనే కాన్సెప్చువల్ ఆర్ట్‌కు చేయి అక్కర్లేదు, నోరుంటే చాలు. కాకపోతే ఒంటరిగా దిగకండి. ఒక్కడే గాలిమేడ కడితే పిచ్చోడంటారు, ఇద్దరు కలిసి కడితే ఉద్యమమంటారు.

1967 ప్రాంతంలో ఇంగ్లండులోని కోవెంట్రీలో అలాగే జరిగింది. అక్కడి ఆర్ట్ కాలేజీలో పాఠాలు చెప్పే టెర్రీ అట్కిన్సన్, అక్కడే చదువుకున్న మైకేల్ బాల్డ్విన్ కలిసి చదరపు మైలు నేల మీద నిలిచిన గాలి స్తంభాన్ని కళాఖండంగా కాగితం మీద పెట్టారు. ఎత్తెంతో చెప్పలేదు. ఏ చదరపు మైలో కూడా చెప్పలేదు. పసిఫిక్ సముద్రంలో 36 చదరపు మైళ్లకు పటమూ గీశారు: చుట్టూ గీత, లోపలంతా ఖాళీ. నీళ్లే కదా, ఇంకేముంటుంది!

మీరు మాత్రం చోటు ఖాయం చేసుకోండి: శ్రీహరికోట. 1971 నుంచి రాకెట్లు లేస్తున్న ఆకాశం. పైగా సగం పని ముందే అయిపోయింది. ప్రయోగానికి ముందు విమానాలకూ, వేటకెళ్లే జాలర్లకూ అటు రావద్దని కబురు పెడతారు. కంటికి కనబడని హద్దును మాటతో గీయడమంటే అదే. ఆ నోటీసు కింద మీ ఇద్దరి సంతకాలు పెట్టేయండి.

శాస్త్రవేత్తలు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళ్తారు. మీరూ వెళ్లండి. మీ నమూనాకు ఖాళీ చేతులు చాలు.

సూళ్లూరుపేట నుంచి పులికాట్ మీదుగా పోయే రోడ్డు పక్కన ప్రదర్శన పెట్టండి. చలికాలమైతే జనం మీ గాలిని వదిలేసి, బురదనీళ్లలో ముక్కు ముంచిన ఫ్లెమింగోలనే చూస్తారు. ‘పక్షులు ప్రదర్శనలో భాగం కావు’ అని బోర్డు రాయించండి. ‘ఇందులో మీరు చేసిందేంది అబ్బయ్యా?’ అని టీ కొట్టాయన అడిగితే, ‘ఆ ప్రశ్నే మా పని’ అనండి. టీ డబ్బులడిగితే ఆ జవాబు చెల్లదు.

ఒక్క విషయంలో ఆ ఇంగ్లండు వాళ్లను అనుసరించకండి. 1968లో డేవిడ్ బైన్‌బ్రిడ్జ్, హెరాల్డ్ హరెల్‌లతో కలిసి ‘ఆర్ట్ అండ్ లాంగ్వేజ్’ అనే బృందం పెట్టారు. 1969 మేలో పత్రికా తెచ్చి, కళంటే ఏమిటో పేజీలకు పేజీలు తర్కించుకున్నారు. కష్టమంతా అక్కడే ఉంది. మీరు గాలి మాత్రం తీసుకుని, తర్కం వాళ్లకే వదిలేయండి.

ఇక మిగిలింది ఎవరి పేరు ముందు వేయాలన్నది. ఒకరు శ్రీనివాసులు, ఇంకొకరు వెంకటేశు అనుకుందాం. తెలుగు అక్షరాల వరసలో వెంకటేశు ముందు, ఇంగ్లీషు వరసలో శ్రీనివాసులు ముందు. ఈ తగవు తేలేదాకా కౌంట్‌డౌన్ ఆపండి.