పొయ్యి పక్క చోటు

నేను నేలను. దక్షిణ కొరియాలో జిరిసాన్ కొండల కింద, హాదోంగ్ ప్రాంతంలో, సోమ్‌జిన్ నది లోయలో తేయాకు తోటల మధ్య ఉన్న ఒక పాత ఇంటి పడకగది నేలను. మా రకం నేలను ఓండోల్ అంటారు. పగలు పాదాలు, రాత్రి వీపులు, పండగ నాడు వంగిన తలలు - మనుషులు నాకు తెలిసేది ఇలాగే.

నన్ను వేసింది కొరియా యుద్ధం ఆగాక. ఆ రోజుల్లో ఈ కొండల్లో సైన్యానికీ గెరిల్లాలకీ జరిగిన పోరులో ఎన్నో ఊళ్ళు కాలిపోయాయి. కాలిన ఇంటి బూడిదలోంచి ఈ ఇంటి పెద్దాయన ముందుగా ఏరుకున్నది నా పలకరాళ్ళనే. గోడలు తర్వాత లేచాయి. గదికన్నా పల్లంలో, వంటింటి వైపు పొయ్యి పెట్టారు. అందులో మంట పెడితే వేడి పొగ నా కిందికి దూరుతుంది. గది పొడవునా కట్టిన రాతి కాలువల్లో పాకుతూ అవతలి గోడ దాకా పోయి, అక్కడి గుంటలో మసి వదిలి, పొగగొట్టంలోంచి బయటపడుతుంది. కాలువల మీద పలకరాళ్ళు, రాళ్ళ మీద మట్టి, మట్టి మీద పొరలు పొరలుగా హంజి కాగితం, పైన నూనె పట్టించిన కాగితం. పొయ్యి దగ్గర రాళ్ళు మందంగా, పోనుపోను పలచగా ఉండాలి. లేకపోతే ఒక కొస కాలిపోతుంది, ఇంకో కొస గడ్డకడుతుంది. ఆ లెక్క తెలిసిన మేస్త్రీ చేతిలో పడ్డాను. అందుకే రాత్రి అన్నం వండిన మంటతోనే తెల్లారేదాకా ఇల్లు కాస్తున్నాను.

పొయ్యికి దగ్గరి చోటును ఇక్కడివాళ్ళు అరేన్‌మోక్ అంటారు. నా ఒంటి మీద కాగితం బాగా ముదురు రంగుకు తిరిగింది అక్కడే. ఏళ్ళ తరబడి కాగిన గుర్తు అది. ఆ చోటు ఇంటి పెద్దలది, బాలింతది, జ్వరం వచ్చిన పిల్లవాడిది. ఊరి నుంచి ఆలస్యంగా వచ్చేవాడి అన్నం గిన్నెకు మూతపెట్టి, దుప్పటి కప్పి అక్కడే ఉంచేవాళ్ళు. మనిషి లేకపోయినా అతని చోటు వెచ్చగా ఉండేది. ఆ గిన్నెలను కాచిన రాత్రులను తలచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

నా బతుకులో చీకటి కాలం కూడా ఉంది. కొండల మీద కట్టెలు కొట్టనివ్వని రోజుల్లో ఇళ్ళకు బొగ్గు దిమ్మెలు వచ్చాయి. బొగ్గు కాలేటప్పుడు పుట్టే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. నేలలో వెంట్రుకంత పగులుంటే చాలు, నిద్రపోయినవాళ్ళు లేచేవాళ్ళు కారు. 1960లలో, 70లలో అలా పోయిన ప్రాణాలు ఈ దేశంలో ఎన్నో. ఈ ఇంటి కోడలు, అంటే ఇప్పటి అవ్వ, ప్రతి ఆకురాలు కాలంలో మోకాళ్ళ మీద కూర్చుని నా ఒళ్ళంతా చేత్తో తడిమి, దొరికిన ప్రతి పగులునూ కాగితంతో మూసేది. ఆ వేళ్ళ ఒత్తిడి నాకు బాగా గుర్తు. ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదంటే అది ఆమె చలవే.

ఇప్పుడు దేశంలో ఎక్కువమంది అపార్ట్‌మెంట్లలో ఉంటారు. అక్కడా నేలే వేడెక్కుతుంది, కాకపోతే గొట్టాల్లో వేడినీళ్ళు పారించి. వాస్తుశిల్పం చదివే అవ్వ మనవడు ఒకసారి నా మీద బోర్లా పడుకుని చదివినది విన్నాను: అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఒక ధనికుడి ఇంట్లో కొరియా గదిలో కూర్చుని, ఆ వెచ్చదనానికి ముగ్ధుడై, తర్వాత తాను కట్టిన ఇళ్ళలో నేల కిందే వేడి పెట్టాడట. మా జాతి కబురు అంత దూరం పోయిందని అప్పుడే తెలిసింది.

ఇక ఈ పండగకు మా ఇంటికి వచ్చిన అనంతపురం సీమ అమ్మాయి సంగతి.

అవ్వ కొడుకు కార్ల ఇంజనీరు. పెనుకొండ దగ్గర కియా కర్మాగారం పెట్టినప్పుడు, 2019లో అక్కడ మొదటి కారు బయటికి వచ్చిన కాలంలో, భార్యాబిడ్డలతో అక్కడే ఉన్నాడు. వాళ్ళు అద్దెకున్నది ఈ అమ్మాయి వాళ్ళ మేడ మీది వాటాలో. అతని భార్యకు, అంటే ఇప్పటి ఇంటి కోడలికి, రాగిసంగటి ఉండ చేయడం, శనక్కాయల చట్నీ నూరడం నేర్పింది ఈ అమ్మాయి తల్లి. తర్వాత వీళ్ళు వెనక్కి వచ్చేశారు. అమ్మాయి పైచదువుకు బూసాన్ వచ్చింది. కొత్త సంవత్సరం పండగ సొల్లాల్‌కు విద్యార్థులంతా ఇళ్ళకు పోతే హాస్టల్లో ఒంటరిగా ఎందుకని కోడలు పట్టుబట్టి ఇక్కడికి రప్పించింది. "మీ ఇంట్లో నేను పండగలన్నీ చేసుకున్నా కదా, ఇప్పుడు నీ వంతు" అని ఫోనులో అనడం విన్నాను. అమ్మాయి ఆమెను 'అక్కా' అంటుంది. అవ్వను తమ సీమలో పిలిచినట్టే 'అవ్వా' అంది. అవ్వ పలికింది.

గుమ్మంలో చెప్పులు విడిచి రావడం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పొట్టి బల్ల ముందు బాసింపట్టు వేసి కూర్చుంటే అవ్వ ముఖం వికసించింది. కొరియా పిల్లలే ఇప్పుడు అలా కూర్చోలేక కుర్చీలు వెతుకుతున్నారు మరి. రాత్రి పరుపులు పరిచే వేళ అవ్వ తన పరుపు అవతలి కొసకు జరిపి, అరేన్‌మోక్‌లో అమ్మాయికి వేసింది. అమ్మాయి ససేమిరా అంది. పెద్దవాళ్ళ చోట తను పడుకోవడమేమిటని పరుపు చుట్టబోయింది. అవ్వ ఆ పరుపు మీద అరచేయి ఆనించి, కదలనివ్వలేదు. ఎనభై దాటిన ఆ చేతిలో అంత బలం ఎక్కడిదో! ఇంటికి వచ్చిన మనిషికి వెచ్చని చోటు ఇవ్వకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

ఆ రాత్రి ఆ పిల్ల వీపు నాకు ఆనింది. మొదట బిగుసుకుని ఉంది, తర్వాత నెమ్మదిగా వదులైంది. చీకట్లో కోడలితో తన ఊరి సంగతి చెప్పింది. అనంతపురంలో ఎండాకాలం సాయంత్రాలు మేడ మీద బిందెలతో నీళ్ళు చల్లి, కాలిన గచ్చు చల్లారాక చాపలు వేసుకుంటారట. నేల వేడి పోవాలని ఎదురుచూసే ఊళ్ళో పుట్టిన పిల్ల, నేల వేడి కోసం రెండు అరచేతులూ నాకు ఆనించి పడుకుంది. మంచు కొండల పిల్లలు ఎందరో నా మీద నిద్రపోయారు కానీ, నన్ను అంత ఆశ్చర్యంతో తాకిన చేతులు నాకు తెలియవు.

పండగ పొద్దున పూర్వీకులకు నైవేద్యం పెట్టాక పెద్దలకు మొక్కే సమయం వచ్చింది. సెబే అంటారు. ఆడవాళ్ళు కుడి చెయ్యి పైన, మగవాళ్ళు ఎడమ చెయ్యి పైన ఉంచి, మెల్లగా మోకాళ్ళూని వంగుతారు. కోడలి హన్‌బోక్ కట్టుకున్న అమ్మాయి ముందురోజు నేర్చుకున్నట్టే చక్కగా మొక్కింది. అంతటితో ఆగక ముందుకు జరిగి అవ్వ పాదాలు తాకింది. అవ్వ ఉలిక్కిపడి కాళ్ళు లోపలికి లాక్కుంది. ఈ దేశంలో పెద్దల పాదాలు ఎవరూ ముట్టుకోరు. పెనుకొండలో ఉండివచ్చిన కొడుకు, "అమ్మా, వాళ్ళ సీమలో దీవెన అడగడం ఇలాగే" అని చెప్పాడు. అవ్వ కాళ్ళు మళ్ళీ ముందుకు చాపి, అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. తెల్ల కవరులో డబ్బులు తర్వాత ఇచ్చింది.

తినడానికి తొక్‌గుక్, అంటే బియ్యప్పిండి బిళ్ళల పులుసు. చాలా ఇళ్ళలో గొడ్డుమాంసపు రసంతో చేస్తారు. అమ్మాయి అది తినదని తెలిసి అవ్వ దక్షిణ తీరపు పద్ధతిలో సముద్రపు ఆల్చిప్పల మాంసంతో కాచింది. ఈ పులుసు తింటే వయసు ఒక ఏడు పెరిగినట్టని ఇక్కడి నమ్మకం. ప్రభుత్వం 2023లో వయసు లెక్కను ప్రపంచమంతటి పద్ధతికి మార్చినా, అవ్వ మాత్రం గిన్నెతోనే లెక్కపెడుతుంది.

మధ్యాహ్నం యుత్ ఆట. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చప్పుడు అది. ఒక వైపు బల్లపరుపుగా, ఒక వైపు గుండ్రంగా ఉన్న నాలుగు పుల్లలను ఎగరేస్తారు. ఎన్ని వెల్లకిలా, అంటే బల్లపరుపు వైపు పైకి, పడితే అన్ని గళ్ళు. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అయిదు, ఆ రెంటికీ మళ్ళీ వేసే హక్కు. ఎదుటివాడి కాయను కొడితే అది మొదటికి పోతుంది, కొట్టినవాడికి ఇంకో పందెం. నియమాలు సగం చెప్పేసరికే అమ్మాయి అరిచింది: "అష్టాచెమ్మా!" చింతపిక్కలు, గవ్వలు, గీసిన గళ్ళు, పండిన కాయలు అంటూ కోడలికి ఊపిరాడకుండా చెప్పింది. ఈ ఆటకూ భారతదేశపు పచ్చీసుకూ పోలిక ఉందని స్టూవర్ట్ క్యూలిన్ అనే అమెరికా పండితుడు 1895లోనే కొరియా ఆటల మీద రాసిన పుస్తకంలో చెప్పాడని మనవడు అన్నాడు. అమ్మాయికి పుస్తకం అక్కర్లేకపోయింది. మొదటి పందెంలోనే ఆమె మణికట్టు తిప్పిన తీరు, పుల్లలు నా మీద పడి దొర్లిన తీరు, ఈ ఇంటి పిల్లలవే. మనవడి కాయను రెండుసార్లు వెనక్కి పంపింది.

మర్నాడు అందరూ పైనున్న చిల్‌బుల్సా గుడికి వెళ్ళారు. నేను కదలలేను. సాయంత్రం నా మీద కూర్చుని చెప్పుకున్నదే నాకు తెలుసు. అక్కడ 'అజాబాంగ్' అని ధ్యానమందిరం ఉంది. సిల్లా రాజుల కాలంలో దమ్‌గోంగ్ అనే భిక్షువు దాని నేలను వేశాడని, ఒక్కసారి మంట పెడితే వంద రోజులు వెచ్చగా ఉండేదని చెప్పుకుంటారు. మా జాతికి అది తీర్థం. అదీ కాలిపోయి, 1980లలో మళ్ళీ లేచింది.

అయితే ఆ సాయంత్రం అవ్వ మాట్లాడింది నేల గురించి కాదు. ఈ ఇంటివాళ్ళు గిమ్హే కిమ్ వంశీయులు. కొరియాలోని ప్రాచీన గయా రాజ్యపు రాజు సూరో సంతతి అని చెప్పుకుంటారు. 13వ శతాబ్దపు భిక్షువు ఇర్యోన్ కూర్చిన 'సామ్గుక్ యూసా'లో ఆయన రాణి హో హ్వాంగ్-ఓక్ కథ ఉంది. క్రీ.శ. 48లో అయుత దేశం నుంచి ఎర్ర తెరచాప పడవలో వచ్చిందట. అయుత అంటే అయోధ్యేనని చాలామంది నమ్మిక. కాదనే చరిత్రకారులూ ఉన్నారు. అయోధ్యలో ఆమె స్మారకం 2001లో కట్టారు. ఆమె కొడుకుల్లో ఏడుగురు ఈ కొండమీదే బుద్ధులయ్యారని, ఆ గుడి వాళ్ళ పేరు మీదే వెలిసిందని స్థలపురాణం. "మా మొదటి అమ్మ మీ వైపు నుంచే వచ్చింది. ఆమెకు ఇక్కడి చలి ఎంత కష్టమైందో! ఆమెకు వెచ్చని చోటు ఎవరు చూపించారో!" అని అవ్వ అమ్మాయి చేతులు పట్టుకుంది. కథ నిజమో కాదో చెప్పడానికి నాకు అంత వయసు లేదు. కానీ అవ్వ ఆ మాట అన్నప్పుడు ఆమె మోకాళ్ళు వణకడం నాకు తెలిసింది. ఆ దుఃఖం నిజం.

ఆ తర్వాత రోజు తెల్లవారకముందే పొయ్యి దగ్గర అలికిడి. అవ్వ అడుగులు కావు. అమ్మాయి ఎండు పైన్ ఆకులు పేర్చి, సన్నని పుల్లలు, ఆపైన కట్టె పెట్టింది. వాళ్ళ అవ్వ ఊళ్ళో కట్టెల పొయ్యి మీదే వండేదట, అందుకే ఊదడం తెలుసు. నా కాలువల్లోకి వేడి చేరేసరికి వచ్చి, నిద్రలో ఉన్న అవ్వ పరుపును కొస నుంచి అంగుళం అంగుళంగా అరేన్‌మోక్‌లోకి లాగింది. అవ్వకు మెలకువ వచ్చే ఉంటుంది. ఊపిరి మారింది నాకు తెలుసు. కళ్ళు మాత్రం తెరవలేదు.

అమ్మాయి బయల్దేరే రోజు భోజనాల దగ్గర కొడుకు నా మాట ఎత్తాడు. అమ్మ కట్టెలు మోయలేకపోతోంది, రాళ్ళు తీసేసి బాయిలర్ గొట్టాలు వేయిద్దామని. తప్పు పట్టను. అవ్వ నడుము కంటే నా రాళ్ళు ఎక్కువ కావు. కానీ గొట్టాల నేల గదంతా ఒకటే వేడి. ఒకరు లేచి ఇంకొకరికి ఇవ్వడానికి అందులో మంచి చోటంటూ ఉండదు. ఈ మాట నేను అనలేను. అవ్వే అంది, వేరే మాటల్లో: "ఈ గది ఉండనీ. ఈ పిల్ల మళ్ళీ వస్తే ఎక్కడ పడుకోబెట్టను?"

చివరికి మిగతా గదులకు గొట్టాలు, ఈ గదికి నేను అని తేలింది. కట్టెలు కొట్టి పేర్చే పని మనవడిది. తేయాకు లేత చిగుళ్ళు కోసే ఏప్రిల్‌లో రమ్మని అవ్వ పిలిస్తే, అప్పుడు పరీక్షలని అమ్మాయి ఆకురాలు కాలపు చుసోక్ పండగకు వస్తానంది. అవతలి గోడ దగ్గర పొగ కారుతున్న చోట రాయి తిరగవేసి, గుంటలో మసి తీయించాలి. మేస్త్రీని మార్చిలోనే పిలవమని అవ్వ కొడుకుకు గట్టిగా చెప్పింది. కోతలు మొదలైతే ఈ లోయలో ఎవరి చెయ్యీ ఖాళీ ఉండదు.