ముందు మీ పేరు చెప్పండి

ఉపాధి హామీ ప్రజావేదిక రోజున మండలాఫీసు ముందర షామియానా వేస్తారు. బల్ల మీద తెల్ల గుడ్డ, నీళ్ల బాటిళ్లు, గరగరలాడే మైకు ఒకటి. విడపనకల్లులోనైనా ఉరవకొండలోనైనా తంతు ఒకటే. సామాజిక తనిఖీ పిల్లలు ఊరూరా తిరిగి, మస్టర్లు సరిచూసి రాసుకొచ్చిన కాగితాలు చదువుతారు. "ఈ మస్టర్లో నీ సంతకం ఉందే, పనికి పోయుంటివా అమ్మా?"

"యాడ సార్! ఆ నెలంతా బెంగళూరులో సిమెంటు పనిలో ఉంటిమి."

చప్పట్లు. కానీ ఈ మాట చెప్పే ముందు ఆమె ఇంకోటి చెప్పాలి: పేరు, ఊరు, జాబ్ కార్డు నంబరు. అన్నీ మైకులోనే. రెండు కుర్చీల అవతల కూర్చున్న ఫీల్డ్ అసిస్టెంట్ చెవులారా వింటాడు. రేపు మస్టర్లో ఆమె పేరు ఉండాలా వద్దా అనేది ఆయన చేతిలోనే ఉంటుంది.

ఈ వేడుకకు పుట్టిల్లు మా అనంతపురం జిల్లానే. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్, సోనియాగాంధీ బండ్లపల్లికి వచ్చి మరీ పథకం మొదలుపెట్టారు. చట్టంలో 17వ సెక్షన్ పెట్టి, లెక్కలడిగే హక్కు గ్రామసభకే ఇచ్చారు. నోరు తెరవమన్నారు, తెరిచాం. తెరిచాక ఏమవుతుందన్న సెక్షన్ మాత్రం ఎవరికీ తోచలేదు.

ఏమవుతుందంటారా? ఏమీ కాదు. ఎవరూ కొట్టరు, తిట్టరు. సోమవారం గడ్డపార భుజానేసుకుని పోతే "నీ పేరు మస్టర్లో పడలేదమ్మా" అంటారు. ఆ పై వారం పని దొరుకుతుంది, కాకపోతే సైటు ఊరికి ఆ చివర. మూడో వారం కొలతల్లో ఆమె గుంత ఒక్కటే లోతు తగ్గుతుంది, కూలి సగమవుతుంది. "నీకెందుకుండె అక్కా ఆ మైకు" అని పక్కింటామె జాలిపడుతుంది. దేనికీ కాగితం పుట్టదు. కాగితం లేనిది మన పరిపాలనలో జరగనట్టే గనక, కక్ష సాధింపు జరగలేదు.

కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చు కదా అనే పెద్దమనుషులుంటారు. పెట్టుకోవచ్చు. జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి ఉపాధి సెక్షనుకు, అక్కణ్నుంచి ఎవరి మీద రాశామో వాళ్ల బల్ల మీదికే 'తగు చర్య నిమిత్తం' అని అది దిగుతుంది. ఇంత కచ్చితంగా చిరునామా చేరే టపా దేశంలో ఇంకోటి లేదు.

ఢిల్లీలో ఒక చట్టం ఉంది. ఉంది అంటే, అచ్చయింది. అక్రమాలు బయటపెట్టే ప్రజావేగుల రక్షణ కోసం దాన్ని 2011లో లోక్‌సభ, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ ఆమోదించాయి. మే 9న, ఓట్ల లెక్కింపుకు సరిగ్గా వారం ముందు, రాష్ట్రపతి సంతకం పెట్టారు. ఏ రోజు నుంచి అమలో కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తుందని అందులోనే రాశారు. ఆ తేదీ ఇంతవరకూ రాలేదు. మబ్బు పట్టి, ఆశ పెట్టి, బళ్లారి మీదుగా దాటిపోయే వానలు మాకు కొత్త కాదు గానీ, వాటికైనా చల్లగాలి వస్తుంది. 2015లో ఇంకా అమలే కాని ఆ చట్టానికి సవరణ తెచ్చారు. రహస్యాల పేరుతో పది రకాల సమాచారం బయటపెట్టకూడదని. నడవని బండికి బ్రేకులు! లోక్‌సభ దాటాక ఆ సవరణా 2019లో మురిగిపోయింది.

పోనీ అమలైందే అనుకుందాం. పేరు లేని ఫిర్యాదు అందులోనూ చెల్లదు. ఆ పేరు బయటపెట్టిన వాడికి మూడేళ్ల దాకా జైలు అన్నారు, అదొక్కటి మెచ్చుకోవాలి. పేరు విలువ ఈ దేశానికి ఒక ప్రాణం పోయాకే తెలిసింది. జాతీయ రహదారుల సంస్థ ఇంజనీరు సత్యేంద్ర దూబే రోడ్డు పనుల్లో అవినీతి మీద ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు గోప్యంగా ఉంచమని వేడుకున్నాడు. ఉత్తరం పేరుతో సహా బల్లలన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. 2004లో విజిలెన్స్ కమిషన్‌కు ఫిర్యాదులు తీసుకునే పని అప్పగించారు, అదీ కేంద్ర ప్రభుత్వ శాఖలూ సంస్థల వరకే. గుంత తవ్వే కూలామె వాటిలో ఎక్కడా లేదు.

ప్రాణంతో ఉన్నా ఓపిక కావాలి. మా జిల్లా ఓబుళాపురం గనుల్లో అక్రమాల మీద సీబీఐ కేసు 2009 నాటిది, కోర్టు తీర్పు 2025 మేలో వచ్చింది. గనుల యజమాని గాలి జనార్దనరెడ్డికి ఏడేళ్ల శిక్ష వేశారు, కొద్ది వారాలకే హైకోర్టు దాన్ని నిలిపివేసింది. నిజం చెప్పదలిచినవాడు ముందు బీపీ, షుగరు చూపించుకోవాలి.

డాక్టర్ సుధాకర్ స్వయంగా డాక్టరే. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు వైద్యుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా తొలి రోజుల్లో, ఎన్95 మాస్కులు లేవన్నాడు. సస్పెండయ్యాడు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. తాగి గొడవ చేశాడని పోలీసుల మాట. అక్కణ్నుంచి పిచ్చాసుపత్రికి. మాస్కు అడిగినవాడికి తాడిచ్చిన ప్రభుత్వం మనది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. మరుసటి ఏడు మేలో గుండెపోటుతో ఆయన పోయాడు.

హైకోర్టు దాకా ఆ సంగతి తీసుకెళ్లింది ఒక లేఖ. రాసింది అప్పటి ప్రతిపక్ష పార్టీ నాయకుల్లో ఒకరైన వంగలపూడి అనిత. మంచి పనే చేశారు. 2024 జూన్ నుంచి ఆవిడే రాష్ట్ర హోంమంత్రి, పోలీసులు ఇప్పుడు ఆవిడ కిందే ఉన్నారు. మన దగ్గర నోరు విప్పినవాణ్ని కాపాడే శాఖ పేరు ప్రతిపక్షం. ఎన్నికలు కాగానే సిబ్బంది మారిపోతారు, ఫైళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. కాబట్టి విడపనకల్లు అక్కా, ఈసారి మైకు ముందు నిలబడేటప్పుడు ప్రతిపక్షంలో ఎవరున్నారో ఒకసారి కనుక్కో. జాబ్ కార్డు నంబరు ఆ తర్వాత చెబుదువు గానీ.