నిర్ధారణ కాలేదండీ!

ఆ ఫ్లయర్ మీ వాట్సాప్ గ్రూపులోనూ పడే ఉంటుంది. అమెరికాలో హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్న ఆడవాళ్లకు సువర్ణావకాశమట. పిల్లల్ని బడికి పంపి, కుక్కర్ పెట్టి, ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ మాస్టర్స్ చేసెయ్యొచ్చట. అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది మాత్రం "49 రాష్ట్రాల్లో అనుమతి ఉంది" అన్న ముక్క. మా గ్రూపులో దాని కింద దండాలూ, గులాబీలూ, "థాంక్స్ అక్కా"లూ బారులు తీరాయి.

అనుమతి ఉన్న మాట నిజమే. ఎవరికన్నది రాయడానికే ఫ్లయర్లో చోటు చాలలేదు. అది యూనివర్సిటీకి, మనకి పాఠాలు అమ్ముకోవడానికి ఇచ్చిన అనుమతి. రాష్ట్రాల మధ్య కుదిరిన సారా ఒప్పందం పుణ్యమా అని సొంత రాష్ట్రం ఒప్పుకున్న యూనివర్సిటీ, రాష్ట్రానికో దరఖాస్తు పెట్టుకునే బాధ లేకుండా, మిగతా సభ్య రాష్ట్రాల వాళ్లనీ ఆన్‌లైన్లో చేర్చుకుంటుంది. మంచిదే. కానీ చదివినావిడ రేపు కౌన్సెలర్ కుర్చీలో కూర్చోవాలంటే లైసెన్సు ఇచ్చేది ఆవిడ పనిచేసే రాష్ట్రపు బోర్డు. లైసెన్సుల జోలికి తాను రానని ఆ ఒప్పందమే చెప్పుకుంది. ఫీజు మాత్రం ఏ సరిహద్దు దగ్గరా ఆగదు.

ఈ సంగతి విద్యార్థికి ముందే చెప్పండి అని ఫెడరల్ విద్యాశాఖ 2020 జులైలో ఒక నిబంధన అమల్లోకి తెచ్చింది. లైసెన్సు కోసం నడిపే ప్రతి కోర్సుకీ రాష్ట్రాలవారీగా పట్టిక పెట్టాలంది. సరిపోతుంది, సరిపోదు అన్న రెండు గళ్లతో ఊరుకుంటే పేచీ ఉండేది కాదు. దయామయులు 2024 జులై దాకా మూడోది కూడా ఇచ్చారు: "నిర్ధారించలేదు."

ఆహా, ఏం గడి అది! అబద్ధం ఆడక్కర్లేదు, నిజం చెప్పక్కర్లేదు. పెళ్లిళ్ల పేరయ్య ఇంటికొచ్చి, కట్నం ఇంత, లాంఛనాలు ఇంత, ముహూర్తం ఎల్లుండి, అబ్బాయికి ఇదివరకే పెళ్లయిందో లేదో మాత్రం నిర్ధారించలేదు, మీరే కనుక్కోండి అంటే వీధి చివరిదాకా తరిమికొడతాం. అదే మాట యూనివర్సిటీ పీడీఎఫ్‌లో పెడితే కార్డు నంబరు కొట్టాం.

యాభై రాష్ట్రాల నిబంధనలు చదవడం మాటలా అంటారు. మాటలు కాదు, ఒప్పుకుంటాను. టెక్సస్‌లో ఎల్‌పీసీ, న్యూయార్క్‌లో ఎల్‌ఎంహెచ్‌సీ, కాలిఫోర్నియాలో ఎల్‌పీసీసీ. ఒకే పనికి లైసెన్సు పేరే రాష్ట్రానికొకటి, ఇక క్రెడిట్ల లెక్కలూ, పర్యవేక్షణలో చెయ్యాల్సిన గంటల లెక్కలూ చెప్పాలా? అందుకే అడుగుతున్నాను. లా ఆఫీసూ, అందులో జీతాలు తీసుకునే లాయర్లూ ఉన్న యూనివర్సిటీకి కానిపని, పిల్లాడికి జ్వరమొచ్చిన రాత్రి ఫోన్లో వెతుక్కునే తల్లికి ఎలా అవుతుంది? పోనీ అని బోర్డుకి ఫోన్ చేస్తే, డిగ్రీ చేతికొచ్చాక దరఖాస్తు పెట్టండి, అప్పుడు చూస్తాం అంటారు చాలాచోట్ల. అప్పుడు అంటే ఫీజంతా కట్టేశాక.

2024 జులైలో నిబంధన బిగించారు. చేరేనాటికి విద్యార్థి ఉన్న రాష్ట్రంలో లైసెన్సుకి కావలసిన చదువుకి కోర్సు సరిపోవాల్సిందే. ఒక సందు మాత్రం వదిలారు. నేను పని చేయబోయేది ఫలానా రాష్ట్రంలో అని విద్యార్థి రాసిస్తే ఆ రాష్ట్రానికి సరిపోయినా చాలు.

ఎవరిచేత రాయిస్తున్నారో చూడండి. ఆవిడ వచ్చే ఏడాది ఏ ఊళ్లో ఉంటుందో మొగుడికి తెలియదు, మొగుడి కంపెనీకి తెలియదు, ఆ కంపెనీ క్లయింటుకి అసలే తెలియదు. ప్రాజెక్టు ముగిస్తే డాలస్ నుంచి కొలంబస్, అక్కణ్నుంచి షార్లెట్. ఉద్యోగం చేసుకునే అనుమతి ఈఏడీ రావాలన్నా ఆయన గ్రీన్ కార్డు కాగితం ఐ-140 కదలాలి. అలాంటి మనిషి డిగ్రీ అయ్యాక ఫలానా రాష్ట్రంలో పని చేస్తానని సంతకం పెట్టాలి! అది ప్రమాణపత్రం కాదు, జాతకం. మధ్యలో ఇల్లు మారిందా, ఆ తలనొప్పి ఆవిడదే. నిబంధన చూసేది చేరేనాటి రాష్ట్రాన్నే.

వెటకారం చాలు. ఒళ్లు మండే సంగతి ఇంకోటుంది. ఈ కాపలా అంతా ఫెడరల్ ఆర్థిక సాయానికి ముడిపెట్టినదే. హెచ్4 వాళ్లకి ఆ సాయం పైసా రాదు. వాళ్లు కట్టేది ఇంటి డబ్బు. కొందరికి నాన్న ఊళ్లో స్థలం అమ్మి పంపిన డబ్బు. ఇండియాలో పీజీ చేసి, పదిమందికి జీతాలిచ్చే ఉద్యోగం వెలగబెట్టి, ఇక్కడికొచ్చి వీసా మీద డిపెండెంట్ అనిపించుకుని, ఆ ఉక్రోషంలోంచి మళ్లీ పుస్తకం పట్టిన మనిషిని ఏరి మరీ పట్టుకుంటున్నారు. మళ్లీ సంపాదించాలన్న ఆ ఆశనే సరుకుగా అమ్ముతున్నారు. దీన్ని నేను మోసమనే అంటాను. చట్టానికి దొరకదు కాబట్టి ఇంకాస్త గట్టిగా అంటాను.

చదువులో భాగంగా బయట చెయ్యాల్సిన ప్రాక్టికమ్ సంగతి సరేసరి. సారా లెక్కలో ఒక కోర్సు నుంచి ఒక చోటుకి ఒకేసారి పది మందికి మించి పంపకూడదు. ఆ చోటు వెతుక్కోవలసింది ఎవరో ముందే అడగండి. కాలిఫోర్నియా అయితే ఏళ్లతరబడి సారా ఒప్పందం గుమ్మమే తొక్కలేదు. దాంతో 2019 జులైలో అక్కడ విద్యార్థుల ఫిర్యాదులు వినే ఏర్పాటు సరిగా లేదంటూ, బయటి రాష్ట్రాల ప్రభుత్వ, లాభాపేక్ష లేని యూనివర్సిటీల్లో ఆన్‌లైన్లో చదివే అక్కడివాళ్లకి ఫెడరల్ సాయం చెల్లదని విద్యాశాఖ బాంబు పేల్చింది. రెండు ప్రభుత్వాల కాగితాల పంచాయితీకి గుండె ఆగినంత పనైంది చదువుకునేవాళ్లకి.

మొన్న ఆ ఫ్లయర్ మీది నంబరుకే ఫోన్ చేశాను. అబ్బాయి తేనెలాంటి తెలుగు మాట్లాడాడు. "మా రాష్ట్రం బోర్డు ఈ డిగ్రీని ఒప్పుకుంటుందని యూనివర్సిటీ చేత ఒక్క మెయిల్ పెట్టించు నాయనా" అన్నాను. "దానికేముంది మేడమ్, ఇప్పుడే పంపిస్తాను" అన్నాడు. పంపాడు. మా రాష్ట్రం బోర్డు వెబ్‌సైటు లింకు.